నీళ్లు నిలబడే రేవు

గ్రూపు ఫొటో తీసేటప్పుడు నేనెప్పుడూ నడిమధ్యలో నిలబడతాను. కొందరు దీన్ని సోకు అనుకుంటారు. కాదు, త్యాగం. ఎండ సూటిగా మొహాన కొట్టేది మధ్యలో ఉన్నవాడినే. పక్కవాళ్లకు ఆ బాధ లేకుండా నేను భరిస్తాను. మా పైవీధి నదీ సంరక్షణ సంఘం ఇంతవరకు దిగిన ఫొటోలన్నిటిలోనూ, చేతిలో మట్టి అంటని కొత్త చీపురుతో, నవ్వుతూ బాధపడుతున్నది నేనే.

ఇలాంటి త్యాగశీలి అబద్ధం ఆడడు కదా. కాబట్టి పంపుహౌసు రేవు గురించి నేను చెప్పేది నమ్మండి.

ఆ రేవుకు మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏముంది... పాడుబడ్డ పంపుహౌసు, తలుపు ఊడిన గుమ్మం, నాచు పట్టిన రాతిమెట్లు, మెట్ల చివర కట్టేసిన ఒక పడవ. అంతే. కానీ చీకటి పడ్డాక అటు వెళ్లినవాడు వెళ్లినట్టు తిరిగి రాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నిజానికి అందరూ తిరిగే వచ్చారు. కాకపోతే వెళ్లినదానికన్నా వేగంగా వచ్చారు.

అక్కడ నది ఆగిపోతుందని కూడా అనేవాళ్లు. ఇది మాత్రం నిజం.

మాకు సముద్రం కూతవేటు దూరం. అందువల్ల మా నదికి స్థిరమైన అభిప్రాయమంటూ లేదు. ఆటు వేళ కిందికి పారుతుంది, పోటు వేళ పైకి పారుతుంది. రెంటికీ మధ్య కాసేపు ఎటూ పోక నిలబడిపోతుంది — పెళ్లివారింట్లో తెలిసిన మొహం ఒక్కటీ కనబడని చుట్టంలాగ.

నీళ్లు అలా నిలబడ్డ వేళ... ఆ మెట్ల మీద... తెల్లగా ఒకటి వస్తుందట.

మొట్టమొదట చూసినవాడు బేకరీ మేస్త్రి. ఇది ఆయన తన నోటితో చెప్పగా నేను నా చెవులతో విన్నది. మధ్యలో నేను కలిపిందేమైనా ఉంటే, అది పిండిలో ఉప్పులాంటిది. అది లేకపోతే మీకే రుచించదు.

ఆ రాత్రి మంచు దట్టంగా ఉందట. పొయ్యి ఆర్పి, తువ్వాలు భుజాన వేసుకుని, గట్టు మీద అడ్డదారిన ఇంటికి వస్తున్నాడు. పంపుహౌసు దాకా వచ్చేసరికి—

కప్పలు ఆగిపోయాయి.

నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

తానూ ఆగిపోదామనుకున్నాడు గాని, కాళ్లు అలవాటు కొద్దీ నడుస్తూనే ఉన్నాయి.

మెట్ల మీద, మంచులో, తెల్లటిదేదో వంగి ఉంది. మెడ నుంచి మోకాళ్ల దాకా తెలుపే. మోకాళ్ల కింద... ఏమీ లేదు. ఉన్నది ఒక్కటే చెయ్యి. ఆ చెయ్యి మెట్ల మీది నుంచి నది నడిమి దాకా సాగి ఉంది. నీళ్లను మెల్లగా నిమురుతోంది. నిమురుతూ, గుసగుసగా—

“పో... పో... అటు పో...”

మేస్త్రి పోయాడు. అది చెప్పిన వైపే పోయాడు. తన ఇల్లు ఇటువైపు కదా అన్న సంగతి తెల్లారాక ఎవరి అరుగు మీదో కూర్చుని ఉండగా గుర్తొచ్చిందట. ఆ వారమంతా బేకరీలో రొట్టె పొంగలేదు.

తరువాత మిల్లు వాచ్‌మన్ చూశాడు. ఆయన చెప్పింది వేరు. దెయ్యం పొట్టిదట. ఆడగొంతట. ‘పో’ అనలేదట, “రాకు... ఇటు రాకు...” అందట.

ఇక ఊళ్లో రెండు పక్షాలు లేచాయి. మేస్త్రి మా పైవీధివాడు కాబట్టి మాది మగదెయ్యం. వాచ్‌మన్ కిందివీధివాడు కాబట్టి వాళ్లది ఆడదెయ్యం. పొద్దున్నే పాల ప్యాకెట్ల దగ్గర మొదలైన వాదన రాత్రి దుకాణాలు మూసేదాకా నడిచేది. రెండు వైపులా తేలిన సంగతి ఒక్కటే — పొద్దు గూకాక అటు ఎవరూ పోకూడదు.

నష్టపోయింది పడవత్త.

ఆవిడ ఆ రేవు నుంచి అవతలి గట్టుకు పడవ నడుపుతుంది. వంతెన ఉంది గాని, ఊరు చుట్టి రావాలి. అవతల ఉన్న ఆసుపత్రికి రాత్రి డ్యూటీకి వెళ్లే నర్సులు, మిల్లు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లు, అందరూ ఆవిడ పడవే ఎక్కేవాళ్లు. నాకు ఆవిడ ఏ వరసా కాదు. కానీ ఊళ్లో మగవాడు కనిపిస్తే చాలు ‘అల్లుడూ’ అంటుంది. కూతుళ్లు లేరు కాబట్టి మాకు ప్రమాదమూ లేదు.

దెయ్యం పేరు చెప్పి సాయంత్రం పడవ ఖాళీ అయిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది.

ఇక్కడ బోర్డుల సంగతి చెప్పాలి. నదిని మేం వీధివీధికీ ముక్కలుగా పంచుకున్నాం — ఎవరి ముక్క వాళ్లు కాపాడుకోవాలని. ‘ఇంతవరకు పైవీధి వారి బాధ్యత’ అని బోర్డు రాసింది నేనే. బోర్డులు రాయడమే నా వృత్తి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అందుకే నా ‘ళ’ ఇప్పటికీ కూర్చోబోయి లేచినట్టుంటుంది. కిందివీధి వాళ్ల బోర్డు కూడా నేనే రాశాను. కళాకారుడికి హద్దులుండవు.

బోర్డుకు మాత్రం హద్దు ఉండాలి. ఆ హద్దు రేవు మెట్ల నడుమ రావాలి. పలుగు తీసుకుని వెళ్లాం. అక్కడంతా రాయి. పలుగు దిగదు. నెత్తిన ఎండ మాత్రం దిగుతోంది. “ఇక్కడ మట్టి మెత్తగా ఉంది కదా” అని ఎవరో అన్నారు. సరేనని పంపుహౌసుకు ఇవతలే పాతేశాం. కిందివీధి వాళ్లకూ పలుగు దిగింది పంపుహౌసుకు అవతలే. మధ్యలో రేవు మిగిలిపోయింది. ఏ బోర్డుకూ అందని రేవు.

ఎవరిదీ కానిదానికి ఏం గతి పడుతుందో దానికీ అదే పట్టింది. సీసాలు, సంచులు, గుర్రపుడెక్క, ఎప్పుడు చూసినా జత లేని ఒంటిచెప్పులు — అన్నీ అక్కడికే చేరేవి. మా ముక్క అద్దంలా ఉండేది. వాళ్ల ముక్కా అద్దంలా ఉండేది. రెండు అద్దాల మధ్య దిబ్బ. ఏటా ఇచ్చే ‘శుభ్రతీరం’ షీల్డు ఓ ఏడు మాకు, ఓ ఏడు వాళ్లకు. చెత్త మాత్రం రేవులోకి ఎట్లా వస్తోందో ఎవరికీ అంతుబట్టేది కాదు. ‘దెయ్యం పనే’ అని మా బావగారు తేల్చేశారు.

బావగారంటే మా అక్క మొగుడు. పైవీధి సంఘానికి అధ్యక్షులు. ఏళ్ల తరబడి మందుల షాపు నడిపి, దాన్ని కొడుక్కి అప్పజెప్పి, ఇప్పుడు మమ్మల్ని నడుపుతున్నారు.

ఆ సమయంలో పట్టణ ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చాడు. రేవులో నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు.

“ఇది ఏ సంఘానిది?”

మేం మా బోర్డు చూపించాం. వాళ్లు వాళ్ల బోర్డు చూపించారు.

“అంటే ఎవరిదీ కాదు. పైగా దెయ్యమని ఎవరూ రారట. లారీలు నిలపడానికి జాగా లేక చస్తున్నాం. మట్టి పోసి చదును చేసేద్దాం. ఏదైనా సంఘం పూచీ పడితే సరే, వదిలేస్తాను. లేదంటే ఆదివారం పొద్దున వచ్చి సున్నం గీత గీసి పోతాను.”

పూచీ పడొచ్చు. కానీ రేవు మనదైతే చెత్త మనదవుతుంది. చెత్త మనదైతే షీల్డు వాళ్లదవుతుంది. పైగా షీల్డు తనిఖీ కూడా ఆ ఆదివారమే. రెండు సంఘాలూ చాలా లోతుగా ఆలోచించి, ఎదుటివాళ్ల సేవాభావానికి అడ్డు రాకూడదని నిర్ణయించుకున్నాయి.

శుక్రవారం సాయంత్రం మా సమావేశానికి పడవత్త వచ్చింది. సమావేశాలు మందుల షాపు వెనకగదిలో జరుగుతాయి. దగ్గుమందు అట్టపెట్టెల మీద కూర్చుంటాం. గట్టిగా కూర్చుంటే షాపుకు నష్టం, మెల్లగా కూర్చుంటే మనకు నొప్పి.

“ఏం మందులయ్యా,” అంది గుమ్మంలోంచే. “ఆ బోర్డు రేవుకు ఇవతల నుంచి అవతలికి జరపడానికి నీకు ఏం పోయేకాలం? మట్టి పోసేశాక నా పడవ నీ షాపు ముందు కట్టుకోనా?”

బావగారు “ఊఁ” అన్నారు.

ఆ ‘ఊఁ’ మా ఊళ్లో అందరికీ తెలుసు. ముక్కులో పుట్టి, గొంతులో దొర్లి, చివర బావిలో చెంబు పడ్డట్టు ఆగుతుంది. కౌంటరు ముందు నిలబడి కడుపునొప్పి చెప్పుకున్నవాడికీ, కాళ్లనొప్పి చెప్పుకున్నవాడికీ ఆయన ఇచ్చే మొదటి మోతాదు అదే. దాని అర్థం ‘సరే’ కాదు, ‘కాదు’ కాదు. సగం మందికి దానితోనే తగ్గిపోయేది.

“చూడమ్మా, అక్కడ దెయ్యం ఉంది. సభ్యుల ప్రాణాలకు నేను జవాబుదారీ.”

“దెయ్యమా? అది నా మొగుడు.”



“బతికున్నన్నాళ్లూ చెప్పాపెట్టకుండా పోయేవాడు. చచ్చాక ఠంచనుగా వస్తున్నాడు. నీళ్లు నిలబడ్డాయంటే మెట్ల మీద ఉండాల్సిందే. మనిషిని బాగుచెయ్యడానికి చావును మించిన మందు లేదు. ఉందా నీ షాపులో?”

“మాట్లాడాడా అత్తా?” అన్నాను నేను. అట్టపెట్టె కిర్రుమంది.

“ఎప్పుడు మాట్లాడాడని? నేను మాట్లాడతాను. ఆయన వింటాడు. కాపురమంటే అదే కదరా అల్లుడూ. పడవలో కూర్చుని, ఆ పూట సంగతులన్నీ చెబుతాను. కదలడు, మెదలడు. పాపం, బతికున్నప్పుడు ఇంత ఓపిక ఎక్కడిది!”

బావగారి మొహం సున్నం కొట్టినట్టయింది. ట్యూబులైటు వెలుగు అనుకున్నాను.

“రేపు రాత్రి మీలో ఒకడు వచ్చి నా పడవలో కూర్చోండి,” అంది. “రేవు పోనివ్వనని ఆయన చేతే చెప్పిస్తాను. అప్పుడు జరుపుతారా బోర్డు?”

దెయ్యం స్వయంగా మాటిస్తే సంఘం కాదనడానికి నిబంధనల్లో ఎక్కడా లేదు. సాక్షిగా ఎవర్ని పంపాలన్న ప్రశ్న వచ్చేసరికి అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నాకు పిల్లల చదువులు అయిపోయాయట. పైగా బోర్డు రాసినవాడు నేనే కాబట్టి బాధ్యత తెలిసినవాణ్ణట.

వద్దన్నది ఒక్క బావగారే.

“వీడా? వద్దు. రాత్రిపూట మంచు. జలుబు చేస్తుంది. అసలు రేపు వద్దు, ఇంకో వారం చూద్దాం.”

నా కళ్లు చెమర్చాయి. పెళ్లయిన నాటి నుంచి నన్ను పేరు పెట్టి కూడా పిలవని మనిషికి నా మీద ఇంత ప్రేమ ఉందని నాకేం తెలుసు! ఆ ప్రేమ పొంగులో లేచి నిలబడి, “వెళతాను బావగారూ, ఏమైతే అదవుతుంది” అనేశాను.

ఆ ఏమైతే ఏమిటో ఆలోచించింది ఇంటికొచ్చాక.

శనివారం రాత్రి. మంచు.

పడవలో గోనెసంచి పరిచి, “కూర్చో” అంది అత్త. “వణక్కు. నువ్వు వణికితే పడవ వణుకుతుంది. పడవ వణికితే ఆయన బెదురుతాడు. మొదటి నుంచీ పిరికిమనిషి.”

“దెయ్యం బెదురుతుందా అత్తా?”

“చస్తే ధైర్యం వస్తుందని నీకెవరు చెప్పారు?”

దీపం ఆర్పేసింది. నది మమ్మల్ని పట్టించుకోకుండా కిందికి పారుతోంది. చెత్త మా పడవను రాసుకుంటూ వెళ్తోంది. ఒక సీసా... ఒక సంచి... ఒక ఒంటిచెప్పు. ఆ వెనకాల దొర్లుతూ ఒక రంగుడబ్బా. ఆ డబ్బా నాకు తెలుసు. ‘నదిని కాపాడండి’ అని రాశాక రంగు అయిపోతే గట్టు మీంచి గిరాటేసింది నేనే. చీకట్లో దాన్ని చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నాను. అదీ నన్ను గుర్తుపట్టనట్టే వెళ్లిపోయింది. సంస్కారం గల డబ్బా.

క్రమంగా పారుడు తగ్గింది.

సీసా ఆగింది. సంచి ఆగింది. అటు వెళ్లిన డబ్బా కూడా అక్కడే ఆగిపోయింది.

కప్పలు... ఆగిపోయాయి.

“అదుగో,” అంది అత్త, పెదవులు కదపకుండా.

మెట్ల మీద మంచు చీలింది. తెల్లగా... మెడ నుంచి మోకాళ్ల దాకా. కింద ఏమీ లేదు. ఒక పొడుగాటి చెయ్యి గాల్లోకి లేచి, నీళ్ల మీదికి వంగి, చప్పుడు లేకుండా దిగింది.

“పో... పో... అటు పో...”

మేస్త్రి ఇందులో ఉప్పు కూడా కలపలేదు పాపం, ఉన్నదున్నట్టే చెప్పాడు.

“వచ్చావా?” అంది అత్త.

చెయ్యి ఆగిపోయింది.

“దీపం లేదని సణక్కు. నూనె దండగ. ఎక్కేవాళ్లే లేకపోతే ఎవరికి వెలుతురు? నిన్న చెప్పాను కదా, పడవ అడుగున బీట వచ్చిందని. ఇవాళ తారు పూశాను. నువ్వుంటే రేపు పూద్దాంలే అనేవాడివి.”

తెల్లటిది కదల్లేదు.

అత్త గొంతు తగ్గింది.

“నిన్ను అవతలి ఆసుపత్రికి తీసుకెళ్లిన రాత్రి కూడా నీళ్లు ఇట్లాగే నిలబడ్డాయి. జ్ఞాపకముందా? ఎంత తెడ్డు వేసినా పడవ కదిలినట్టే లేదు. నువ్వు పడుకునే నవ్వావు. తొందరేముందే, అన్నావు. నాకు ఉంది తొందర. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పొద్దున్నే వచ్చి గీత గీస్తారట. మట్టి పోస్తే నేను పడవ ఎక్కడ కట్టుకోను... నువ్వు ఎక్కడికని వస్తావు? లారీల మధ్యకా?”

నాకు భయం పోయింది. నాకు తెలియకుండానే అత్త వైపు జరిగాను.

“ఎప్పుడూ అడగలేదు నిన్ను. ఇవాళ సాక్షి కూడా ఉన్నాడు. రేవు పోనివ్వనని ఒక్క మాట అను. ఒక్కటి చాలు.”

మంచు. ఎక్కడో ఒక నీటిబొట్టు జారింది.

అప్పుడు — మెట్ల మీది నుంచి — ముక్కులో పుట్టి, గొంతులో దొర్లి, బావిలో చెంబు పడ్డట్టు—

“ఊఁ...”

“బావగా—” అన్న మాటను పళ్ల మధ్య పట్టి కొరికేశాను.

మందుల షాపు తెల్లకోటు. దాని కింద నల్లప్యాంటు. చేతిలో పొడుగాటి వెదురు, చివర చెత్త లాగే పళ్లదంతి. మా ముక్క అద్దంలా ఎట్లా ఉంటోందో, ఆటు తీసే వేళ చెత్తను బోర్డు దాటించి రేవులోకి ఎవరు సాగనంపుతున్నారో, నా జలుబు గురించి అంత దిగులు ఎందుకు పుట్టుకొచ్చిందో — అన్నీ ఒక్క ‘ఊఁ’లో తెలిసిపోయాయి. తెల్లారితే తనిఖీ. పోటు వచ్చిందంటే ఈ దిబ్బంతా మా ముక్కలోకే ఎదురొస్తుంది. అందుకే ఆ రాత్రి మానలేకపోయారు పాపం.

ఇంతలో మెట్లకు అటుపక్క నుంచి—

“రాకు... ఇటు రాకు...”

పొట్టిగా, గుండ్రంగా, తల నుంచి పాదాల దాకా తెల్లగా ఇంకొకటి! దానికీ ఒక పొడుగాటి చెయ్యి. పోటు ఎత్తుకునే వేళకు, తన ముక్కలోని చెత్తను పైకి నెట్టుకుంటూ వస్తోంది. నీళ్ల కింద రెండు కర్రలూ తగిలాయి.

టక్.

రెండు దెయ్యాలూ తలెత్తాయి. ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

మగదెయ్యం ఆడగొంతుతో కెవ్వుమంది. ఆడదెయ్యం ఊరు అదిరేట్టు అరిచింది.

“సైలెన్స్!”

కిందివీధి సంఘం అధ్యక్షురాలు హెడ్మాస్టరమ్మ బళ్లోంచి రిటైరైనా, భయం వేస్తే నోటికి వచ్చే మాట అదొక్కటే. తెల్ల రెయిన్‌కోటు ఎగిరెగిరి పడుతూ గట్టు మీద పరిగెత్తింది. తెల్లకోటు రెండో దిక్కున, మెట్లకు మోకాళ్లు కొట్టుకుంటూ పాకింది. నీళ్ల మీద రెండు వెదురుకర్రలు తేలుతూ మిగిలాయి.

అత్త పళ్లు కొరుకుతూ అడిగింది.

“ఆ రెండోది ఎవత్తెరా అల్లుడూ?”

“ఏమో అత్తా... మంచు కదా.”

“చచ్చాక కూడానా!” అని తెడ్డుతో నీళ్లను ఒక్క దెబ్బ కొట్టింది. కాసేపయ్యాక గొంతు మార్చుకుని, “పోనీలే. మాట మాత్రం ఇచ్చాడు. విన్నావుగా?” అంది.

విన్నాను. అప్పుడే చెప్పెయ్యవలసింది. నోరు తెరిస్తే చలిగాలి లోపలికి పోతుందని మూసుకున్నాను.

ఆదివారం పొద్దున ఇంజనీరు సున్నం బస్తాతో, ఒక మేకుతో, ఒక తాడుతో వచ్చాడు. రెండు వీధుల జనం గట్టు మీద నిలబడ్డారు. బావగారు మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చారు. గొంతు పోయిందట, మోకాళ్లు పట్టేశాయట. హెడ్మాస్టరమ్మ కుంటుతూ వచ్చింది. గచ్చు మీద జారానంది. ఇద్దరూ ఎదుటివాళ్ల కాళ్ల వంక చూసుకుని, చటుక్కున ఆకాశం వంక చూశారు.

పడవత్త మేకు పాతే చోటికి నడిచి వెళ్లి నిలబడింది.

“గీత గియ్యడానికి వీల్లేదు. రాత్రి మా ఆయన ఒప్పుకున్నాడు.”

“మీ ఆయన ఎక్కడమ్మా?” అన్నాడు ఇంజనీరు.

“చచ్చిపోయాడు.”

ఇంజనీరు మర్యాదగా టోపీ తీసి, ఏం చెయ్యాలో తోచక మళ్లీ పెట్టుకున్నాడు.

“‘ఊఁ’ అన్నాడు బాబూ. చెవులారా విన్నాను. ఇదుగో సాక్షి. అప్పుడే ఇంకొకత్తె కూడా వచ్చింది. ‘సైలెన్స్’ అని అరిచింది. అది ఎవత్తో వీడికి తెలుసు. రాత్రంతా నోరు కుట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఇంతమందిలో చెప్పరా అల్లుడూ, ఎవరది?”

బావగారు మఫ్లరు ముక్కు దాకా లాక్కున్నారు. హెడ్మాస్టరమ్మ చేతిలోని గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను నోరు తెరిచాను. ఏం చెబుదామని తెరిచానో ఈనాటికీ తెలియదు. ఆ అవసరమే రాలేదు.

“రేవుకు మా సంఘం పూచీ!” — పోయిందన్న గొంతు బావగారికి ఎక్కడి నుంచో తిరిగొచ్చింది.

“కుదరదు! మా సంఘం పూచీ!” — హెడ్మాస్టరమ్మ కుంటు మరిచిపోయి రెండడుగులు ముందుకు దూకింది.

“ముందు అన్నది మేము!”

“ముందు అనుకున్నది మేము!”

ఇంజనీరు బిక్కమొహం వేశాడు. “దెయ్యం ఉందన్నారు కదండీ?”

“ఈ రోజుల్లో దెయ్యాలేమిటండీ!” అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. సంఘాలు పుట్టాక వాళ్లిద్దరూ ఏకీభవించిన మొదటి సంగతి అది.

ఇంజనీరు మేకు పీకి, తాడు చుట్టుకుని, సున్నం బస్తా మోయించుకుని వెళ్లిపోయాడు. అత్త మా అందరి వంకా విజయగర్వంతో చూసింది.

“చూశారా? మా ఆయన మాటంటే మాటే.”

ఆ ఏడు షీల్డు మాకూ రాలేదు, కిందివీధికీ రాలేదు. నది చివర ఉన్న ఇంకో వీధికి పోయింది. వాళ్ల కింద ఉన్నది సముద్రం. అది ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యదు.

మా రెండు సంఘాలూ కలిసి ఇప్పుడు ఆ రేవును చూసుకుంటున్నాయి. ఇంత చదువుకున్నవాళ్లం, ఇన్నేళ్లు కర్రలు పట్టుకుని పోట్లాడుకున్నాక మా బుర్రకు తట్టింది ఏమిటంటే — నీళ్లు నిలబడ్డ వేళ చెత్త కూడా నిలబడుతుంది. నెట్టడం కన్నా గట్టుకు లాగి ఎత్తెయ్యడమే తేలిక. వంతులు వేసుకున్నాం. రాత్రి వంతుకు వచ్చేవాళ్లు ఒకరినొకరు పొడుచుకోకుండా తెల్లకోటు తొడుక్కోవాలని తీర్మానం చేశారు. అంటే ఏమిటి? దెయ్యం ఇదివరకు అప్పుడప్పుడు వచ్చేది. ఇప్పుడు సంఘం తరఫున క్రమం తప్పకుండా వస్తోంది. భయపడేవాళ్లు తగ్గారు. నర్సులు మళ్లీ పడవ ఎక్కుతున్నారు.

అత్తకు నిజం ఎవరు చెప్పాలన్న చర్చ కూడా జరిగింది. సాక్షివి నువ్వే కదా, నువ్వే చెప్పమన్నారు. న్యాయమే. నా వంతు వచ్చిన రాత్రి, చెప్పేద్దామనే గట్టిగా అనుకుని, కోటు తొడుక్కుని, దంతి పట్టుకుని మెట్లు దిగాను.

మంచు. నీళ్లు నిలబడ్డాయి.

“వచ్చావా?” అంది పడవలోంచి అత్త.

నేను నోరు తెరిచాను.

“ఏమిటో నువ్వు. నిన్న పొట్టిగా ఉన్నావు. ఇవాళ పొడుగయ్యావు. మొన్నొక రోజు గొడుగు పట్టుకుని వచ్చావు. బతికున్నప్పుడు ఒక మాట మీద నిలబడలేదు, ఇప్పుడు ఒక ఎత్తు మీద నిలబడవు.”

నవ్విందో, దగ్గిందో... చీకట్లో తెలియలేదు.

ఆ తరువాత చెప్పుకుంటూ పోయింది. కొత్తగా చేరిన నర్సుకు ఈత రాదట, పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంటుందట. తారు బాగానే పట్టిందట. ఎడమ మోకాలు పొద్దున్నే మొరాయిస్తోందట. నేను చప్పుడు కాకుండా చెత్త ఎత్తుతూ అన్నీ విన్నాను. నీళ్లు కదిలేదాకా విన్నాను.

అప్పటి నుంచి చాలా వంతులు చేశాను. నీళ్లు ఏ వేళకు నిలబడతాయో వాసన చూసి చెప్పగలను. గుర్రపుడెక్కను వేరుతో సహా ఎట్లా లాగాలో తెలిసింది. చీకట్లో ఒక మనిషి ‘వచ్చావా?’ అని అడిగితే, ‘ఆయన కాదత్తా, నేను’ అనడం మాత్రం నాకింకా రాలేదు.